జెర్బిల్ గూటికి గడ్డి ఎంపిక: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు

నా దగ్గర రెండు జెర్బిల్స్ ఉన్నాయి. ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జీవులు. వాటిని తెచ్చుకున్న కొత్తలో, ఆగస్టు నెలలో, నకిరేకల్ దగ్గర మా మేనమామ ఊరికి వెళ్లి, వామిలోంచి నాలుగు గుప్పిళ్ల వరిగడ్డి సంచిలో వేసుకుని వచ్చాను. పైకి పసుపుపచ్చగా శుభ్రంగానే ఉంది. మూడో రోజుకి చిన్నది తుమ్మడం మొదలుపెట్టింది. ముక్కు చుట్టూ ఎర్రగా తడి కనిపించింది. రాత్రి ఫ్యాన్ ఆపి, అవి ఉండే ట్యాంకుకు చెవి ఆనించి వింటే ఊపిరి తీసినప్పుడల్లా టిక్ టిక్‌మని సన్నని చప్పుడు. గడ్డి మొత్తం బయటికి తీసి ఒక్కో పోచ కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే కణుపుల దగ్గర బూడిద రంగు పొడి ఉంది. బూజు. హైదరాబాద్ తీసుకెళ్లి చూపించి, మందులు వేసి, పది రోజులు ఉత్త కాగితం ముక్కల మీదే ఉంచితే కోలుకుంది.

ఆ పది రోజుల టెన్షన్ ఇంకొకరికి వద్దని ఇది రాస్తున్నాను. మన దగ్గర గడ్డికి కొదవ లేదు. మిర్యాలగూడ దారిలో కోతలయ్యాక పొలాల నిండా గడ్డి కట్టలే. అందులో ఏది జెర్బిల్‌కు పనికొస్తుందో తేల్చుకోవడమే కష్టం.

గడ్డి దీనికి తిండి కన్నా ముందు ఇల్లు

కుందేలుకు, గినీ పిగ్‌కు గడ్డే అన్నం. రోజంతా నమలకపోతే వాటి పళ్లు, కడుపు రెండూ చెడతాయి. జెర్బిల్ అలా కాదు. మనం పెంచుకునే జెర్బిల్ మంగోలియా, ఉత్తర చైనా పొడి మైదానాల జీవి. 1935లో ఆముర్ నది ప్రాంతంలో పట్టుకున్న కొన్నింటిని జపాన్‌కు తీసుకెళ్లి పెంచారు. 1954లో వాటి సంతతి అమెరికాకు చేరింది. ఈ రోజు ఇళ్లలో ఉన్నవి చాలావరకు ఆ వంశంవే. దాని అసలు తిండి గింజలు. గడ్డిని కొంచెం కొరుకుతుంది, ఎక్కువగా పొడవునా చీల్చి గూట్లో పరుచుకుంటుంది, సొరంగం కూలిపోకుండా మట్టికి అడ్డంగా దూర్చుకుంటుంది.

అందుకే మనం చూడాల్సింది కూడా మారుతుంది. గడ్డిలో బలం ఎంత, మాంసకృత్తులు ఎంత అనేది రెండో సంగతి. బర్రె ఆరుబయట నిలబడి గడ్డి తిని పక్కకు జరుగుతుంది. జెర్బిల్ సుమారు 60 నుంచి 100 గ్రాముల జీవి. గాలి ఆడని సొరంగంలో అదే గడ్డిలో ముక్కు పెట్టుకుని గంటల తరబడి పడుకుంటుంది. గడ్డిలో దుమ్ము ఉన్నా, బూజు ఉన్నా, పురుగుమందు ఉన్నా నేరుగా దాని ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కాబట్టి గడ్డి పేరు కన్నా, అది ఎక్కడ పెరిగింది, ఎలా ఎండింది, ఎక్కడ నిల్వ ఉందన్నది ముందు చూడండి.

మొదటి మెట్టు: గడ్డి పుట్టుపూర్వోత్తరాలు అడగండి

రెండోసారి మా మామ దగ్గరికి వెళ్లినప్పుడు ముందు అడిగాను.

"మామా, ఈ గడ్డికి ఆఖరి మందు ఎప్పుడు కొట్టినవ్?"

"కోతకు ఇరవై రోజుల ముందల దోమకు కొట్టిన బిడ్డా. ఏం, బర్రె తెచ్చినవా?"

"లేదు మామా, నా జెర్బిల్స్‌కు."

"గా ఎలుక పిల్లలకా? అయితే ఇది వద్దు. బర్రె పెద్ద జీవి, తట్టుకుంటది."

ఆయన మాటలో చాలా ఉంది. దోమపోటు అంటే వరి దుబ్బులో చేరి రసం పీల్చే పురుగు, అది పైరు ఈనిన తర్వాత కూడా వస్తుంది. అప్పుడు మందు కోతకు దగ్గర్లోనే పడుతుంది. ఆ మందు పడేది కూడా దుబ్బు మొదట్లో, గడ్డి మీద. ఇంత చిన్న ప్రాణికి ఎంత మిగిలితే ప్రమాదమో మనం ఇంట్లో కొలవలేం. మందు కొట్టిన గడ్డి వద్దనుకోవడమే తేలిక.

మందు గురించి అడిగాక ఇంకో మూడు అడగండి. కోసిన తర్వాత గడ్డి వానకు తడిసిందా? తడిసి మళ్లీ ఎండిన గడ్డి పైకి బాగానే కనిపిస్తుంది కానీ బూజు లోపల ఉంటుంది. యూరియా కలిపారా? 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి మూసిపెట్టే పద్ధతిని పాడి రైతులకు పశువైద్యులే చెబుతారు. నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు యూరియాను వాడుకుంటాయి. జెర్బిల్‌కు అలాంటి పొట్ట లేదు. ముక్కుకు ఘాటుగా తగిలే గడ్డిని అక్కడే వదిలేయండి. ఇక మూడోది, దగ్గర్లో ఎలుకల మందు పెట్టారా? వామి అంటేనే ఎలుకలకు చోటు. వాటి మూత్రం తగిలిన గడ్డి జెర్బిల్‌కే కాదు, ముట్టుకున్న మనకూ మంచిది కాదు. ఎలుక జ్వరం అలాగే వస్తుంది. ఎర మందు పెట్టిన చోట, విషవాయువు వదిలే సెల్ఫాస్ బిళ్లలు వాడే గోదాంలో ఉన్న గడ్డి ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అన్నట్టు, వామిలోకి ఊరికే చేయి పెట్టకండి, పాములుంటాయి. కర్రతో కదిపి, వెలుతురు ఉన్నప్పుడే తీయండి.

రెండో మెట్టు: మన దగ్గర దొరికే గడ్డిలో ఏది

వరిగడ్డి మొదటి ఎంపిక కాదు. మందు సంగతి అటుంచితే, దాంట్లో సిలికా ఎక్కువ, ఆకు అంచులు గరుకుగా ఉంటాయి. ఇప్పుడు కోతలన్నీ హార్వెస్టర్‌తోనే. మిషన్ గడ్డిని నలగ్గొట్టి నేల మీద వదిలేస్తే, బేలర్ దాన్ని మట్టితో సహా ఎత్తి కట్ట కడుతుంది. ఒక కట్టను సిమెంటు గచ్చు మీద విప్పి దులిపి చూడండి, ఎంత దుమ్ము రాలుతుందో తెలుస్తుంది. తప్పనిసరై వాడితే చేత్తో కోసి, మందు కొట్టని మడిలోది, యాసంగి కోతది తీసుకోండి. యాసంగి గడ్డి ఎండాకాలంలో ఎండుతుంది కాబట్టి వానకాలం గడ్డి కన్నా పొడిగా ఉంటుంది.

జొన్న చొప్ప నేను పెట్టను. లేత జొన్నలో, కోసిన తర్వాత వచ్చే పిలకల్లో, నీళ్లు లేక వాడిన పైరులో విషం ఉంటుందని మన రైతులందరికీ తెలుసు. నాము వేసిందని అనేది దాన్నే. బాగా ముదిరి ఎండిన చొప్పలో ఆ విషం చాలావరకు పోతుంది. కానీ మనకు వచ్చిన కట్టలో లేత పిలక ఒక్కటీ లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ముదురు చొప్ప చీలితే అంచు కత్తిలా ఉంటుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వేరుశనగ కట్టె బాగా దొరుకుతుంది. పశువులకు మంచి మేత. జెర్బిల్‌కు మాత్రం వద్దు. నేలలోంచి పీకిన మొక్క కాబట్టి మట్టి అంటుకుని ఉంటుంది, కాయల దగ్గర బూజు తొందరగా పడుతుంది. వేరుశనగ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా, వేడి చేసినా పోదు.

లూసర్న్ గడ్డిలో కాల్షియం, మాంసకృత్తులు ఎక్కువ. అప్పుడప్పుడు రెండు రెమ్మలు పెట్టవచ్చు కానీ గూడంతా దానితో నింపకూడదు. సూపర్ నేపియర్ లాంటి పొడవు గడ్డి కాడలు మరీ లావు, వాటితో మనకు పని లేదు.

ఇక పనికొచ్చేవి. అన్నిటికన్నా ముందు గరిక. వినాయక చవితికి దేవుడికి పెట్టే ఈ గడ్డి సన్నగా, మెత్తగా ఉంటుంది, తొందరగా ఎండుతుంది, దుమ్ము తక్కువ. పెరట్లోనో డాబా మీద తొట్టిలోనో మీరే పెంచుకుంటే మందు భయం ఉండదు. పూత రాకముందు కోసి, నీడలో గాలి తగిలేలా పలుచగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తే ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. రంగు లేత ఆకుపచ్చగానే నిలుస్తుంది.

రెండోది, నాకు బాగా నచ్చినది, కొర్ర. పాలమూరు చెల్కల్లో పాతకాలం నుంచీ ఉన్న పంట. పిడికెడు కొర్రలు పెద్ద తొట్టిలో చల్లితే సుమారు మూడు నెలల్లో కంకులు వస్తాయి. కంకితో సహా కోసి ఎండబెడితే గడ్డి గూటికి, గింజలు తిండికి. మొదటిసారి ఒక కంకిని నిలువుగా గుచ్చి పెట్టాను. పెద్దది వెనక కాళ్ల మీద నిలబడి, రెండు చేతులతో కంకిని వంచి పట్టుకుని, గింజ గింజా ఒలిచి తిన్నది. తర్వాత ఆ కాడను నోట కరుచుకుని సొరంగంలోకి లాక్కుపోయింది. అడ్డం తిరిగి ఇరుక్కుంటే వదిలేసి, చివర పట్టుకుని మళ్లీ లాగింది. విత్తనం మాత్రం వంటకు వాడే కొర్రలు తీసుకోండి, అదీ పొట్టు తీయనివి. విత్తన దుకాణంలో ఇచ్చే వాటికి రంగు మందు పట్టించి ఉంటుంది.

ఓట్ గడ్డి కూడా మంచిదే. చలికాలంలో ఇదే పద్ధతిలో తొట్టిలో వేసుకోవచ్చు.

రోడ్డు పక్క గడ్డి కోసుకురావద్దు. విజయవాడ హైవే మీదైనా, జడ్చర్ల మీదుగా కర్నూలు వెళ్లే హైవే మీదైనా డివైడర్లలో గన్నేరు నాటుతారు. దాని ఆకు ఒక్కటి కలిసినా ఇంత చిన్న ప్రాణికి ప్రాణాంతకం. చేను గట్ల మీద వయ్యారిభామ, ఉమ్మెత్త, ఆముదం మొక్కలు గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు గుర్తుపట్టగలం, ఎండి ముక్కలైతే గుర్తుపట్టలేం. పత్తి చేను గట్టు, బత్తాయి తోట సాళ్లు కూడా అంతే. పత్తికి పురుగుమందు, తోటల్లో గడ్డిమందు తరచూ పడుతుంటాయి. బట్టలకు గుచ్చుకునే ముళ్ల గింజల గడ్డి ఏదైనా సరే పక్కన పెట్టండి. ఆ ముల్లు చెంపలోనో కంట్లోనో దిగితే బయటికి రాదు.

ఇంకో మాట. పత్తి పండే ఊళ్లు కదా, మెత్తగా ఉంటుందని గూట్లో దూది పెట్టేవాళ్లున్నారు. దూది పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి, మింగితే పేగుకు అడ్డం పడతాయి. పిల్లలు పెట్టిన జెర్బిల్‌కు అసలు పెట్టవద్దు.

మూడో మెట్టు: ప్యాకెట్ కొంటే

తిమోతి గడ్డి చల్లని దేశాల పంట, మన ఎండలకు రాదు. హైదరాబాద్ షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో కుందేళ్ల గడ్డి పేరుతో దొరుకుతుంది. మొదటి కోత గడ్డి గట్టిగా, కాడలతో ఉంటుంది, రెండో కోత మెత్తగా ఆకులతో ఉంటుంది. జెర్బిల్‌కు మొదటి కోతది సొరంగానికి, రెండోది పడకకు బాగుంటుంది. రెండూ కొనక్కర్లేదు, మొదటి కోతది చాలు, మెత్తదనం గరికతో వస్తుంది. ప్యాక్ చేసిన తేదీ చూడండి. ఎండిన పండ్లు, బెల్లపు పాకం, సువాసన కలిపినవి వద్దు. కవర్ లోపల నీటి ఆవిరి పట్టి ఉంటే, అడుగున చారెడు పొడి పేరుకుని ఉంటే తీసుకోవద్దు. రెండు జెర్బిల్స్‌కు అరకిలో ప్యాకెట్ చాలా రోజులు వస్తుంది. చవక అని ఐదు కిలోలు కొంటే వానాకాలంలో సగం పారేయాల్సి వస్తుంది.

నాలుగో మెట్టు: చేత్తో, ముక్కుతో, ఉప్పుతో పరీక్ష

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదొక్కటే. ప్యాకెట్ గడ్డికైనా సొంత గడ్డికైనా చేయండి.

ముందు వాసన చూడండి. మంచి ఎండుగడ్డికి తీయని వాసన, కొంచెం టీ పొడిలాంటి వాసన ఉంటుంది. ముక్క వాసన, తడి గోనెసంచి వాసన వస్తే అక్కడితో పరీక్ష అయిపోయినట్టే. ఆస్తమా ఉన్నవాళ్లు మాస్క్ పెట్టుకుని, వాసన పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి.

తర్వాత ఒక నల్ల గుడ్డ పరిచి గుప్పెడు గడ్డిని దాని మీద పదిసార్లు దులపండి. ఆకు తునకలు, గింజ పొట్టు రాలితే ఫర్వాలేదు. పిండిలాంటి పొడి పరుచుకుంటే, పొద్దుటి ఎండ పడే కిటికీ దగ్గర దులిపినప్పుడు పొగలా లేస్తే ఆ గడ్డి వద్దు. ఒక్కొక్క పోచను వేలి మధ్య నుంచి జార్చి చూడండి, గరుకు అంచు, ముల్లు చేతికే తెలుస్తాయి. కణుపులు, ఆకు కాడను అంటుకున్న చోటు మాత్రం తప్పకుండా వెలుతురులో చూడాలి. నల్ల చుక్కలు, తెల్లని నూగు, బూడిద పొడి ముందు కనిపించేది అక్కడే. నేను మొదటిసారి చూడనిది అదే.

ఆఖరుది తేమ పరీక్ష. మూత గట్టిగా పట్టే గాజు సీసా ఒకటి పూర్తిగా ఆరబెట్టండి. గడ్డిని వేలెడు ముక్కలుగా కత్తిరించి సీసాలో సగం దాకా వేయండి. సన్న ఉప్పును మూకుట్లో కాస్త వేడిచేసి చల్లార్చి, రెండు చెంచాలు అందులో పోసి మూత పెట్టి రెండు మూడు నిమిషాలు బాగా ఊపండి. తర్వాత సీసాను వంచి చూడండి. ఉప్పు ఇసుకలా జారితే గడ్డి ఎండినట్టు. గడ్డలు కట్టినా, పోచలకు అంటుకున్నా తేమ 15 శాతం దాటినట్టే, నిల్వ పెడితే బూజు పడుతుంది. ఇంకో రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ చేయండి. సీసాలో వేసిన ముక్కలు ఉప్పు పట్టి ఉంటాయి కాబట్టి పారేయండి.

ఐదో మెట్టు: పురుగులు పోవడానికి

పరీక్ష దాటిన గడ్డిలో కూడా కంటికి కనిపించని సన్న పురుగులు, గుడ్లు ఉండవచ్చు. చిన్న చిన్న జిప్ కవర్లలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచండి. బయటికి తీశాక వెంటనే విప్పవద్దు. కవర్ బయట పట్టిన చెమ్మ ఆరి, లోపలిది గది వేడికి వచ్చేదాకా పూటంతా అలాగే ఉంచండి. లేకపోతే ఆ చెమ్మ గడ్డికే పడుతుంది. ఫ్రీజర్ లేనివాళ్లు నడి ఎండలో గుడ్డ మీద పలుచగా పరిచి ఒక పూట ఉంచవచ్చు. రంగు కొంచెం పోతుంది, నష్టం లేదు. ఫ్రీజర్ అయినా ఎండ అయినా పురుగులకే. బూజు విషం, మందు అవశేషం వీటితో పోవు. గడ్డిని కడగడం కూడా వద్దు. లోపలి దాకా తడిసిన గడ్డి మన వానాకాలంలో ఆరదు.

ఆరో మెట్టు: దాచడం

గుడ్డ సంచిలో వేసి, నేలకు తగలకుండా కొక్కేనికి వేలాడదీయండి. గాలి ఆడాలి, బల్లులు, ఎలుకలు చేరకూడదు. బీరువాలో కలరా ఉండల పక్కన, దోమల చక్రం వెలిగించే గదిలో, అగరుబత్తీల దగ్గర పెట్టవద్దు, గడ్డి ఆ వాసనను పీల్చుకుంటుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా పదిహేను రోజులకోసారి ఉప్పు పరీక్ష మళ్లీ చేయండి. కట్టకు ప్లాస్టిక్ సుతిలి ఉంటే ఒక్క పోగు కూడా మిగలకుండా తీసేయండి.

ఏడో మెట్టు: ట్యాంకులో పరచడం

పరుపు మొత్తం 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతు ఉండాలి. అచ్చు సిరా లేని కాగితం పరుపు మూడు వంతులు, గడ్డి ఒక వంతు. కాగితం నాలుగు వేళ్ల మందం పరిచి, దాని మీద గడ్డి పలుచగా అడ్డదిడ్డంగా వేసి, అరచేత్తో నొక్కి, మళ్లీ కాగితం, మళ్లీ గడ్డి. ఇలా పొరలుగా వేస్తేనే సొరంగం నిలుస్తుంది. ఉత్త కాగితమైతే కూలుతుంది, ఉత్త గడ్డి అయితే తవ్వడానికి ఉండదు. దేవదారు, పైన్ చెక్క పొట్టు కలపవద్దు, వాటి ఘాటు ఊపిరికి చేటు. మూల గూట్లోకి గరిక మీరు పెట్టనక్కర్లేదు, పైన గుప్పెడు వదిలేస్తే రాత్రికి రాత్రి అదే మోసుకుపోతుంది.

కొత్త గడ్డిని ఒకేసారి నింపకుండా మొదటి మూడు రోజులు గుప్పెడే పెట్టి చూడండి. నీళ్ల సీసా కింద, మూత్రం పోసే మూలలో తడిసిన గడ్డి రెండు రోజులకోసారి తీసేయాలి. మిగతాది పొడిగా ఉన్నంతకాలం కదపవద్దు, కట్టుకున్న ఇల్లు మాటిమాటికీ చెరిపితే వాటికి బెదురు.

ఎనిమిదో మెట్టు: గమనించడం

ముక్కు దగ్గర ఎర్రటి తడి చూసి చాలామంది రక్తం అనుకుని భయపడతారు. అది కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రని స్రావం. గాలిలో తేమ 50 శాతం దాటినప్పుడు, పరుపులోని దుమ్ము వాటికి సరిపడనప్పుడు ఎక్కువవుతుంది, చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. అది ఒక్కటే ఉంటే గడ్డి మార్చి, గది తేమ తగ్గించి రెండు రోజులు చూడవచ్చు. ఊపిరిలో టిక్ టిక్ చప్పుడు, తిండి మానడం, ఒళ్లు ముడుచుకుని కూర్చోవడం ఉంటే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మన జిల్లా పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా వచ్చేవి ఆవులు, బర్రెలు, గొర్రెలు. చిన్న జీవులను చూస్తారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి జీవులను చూసే డాక్టర్‌ని, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిని అడగండి. తీసుకెళ్లేటప్పుడు తోక పట్టుకుని ఎత్తకండి, తోక చర్మం ఊడి వస్తుంది. గాలి రంధ్రాలున్న డబ్బాలో, ఎండ తగలకుండా, తెల్లవారుజామున బయలుదేరండి. దాంతోపాటు ట్యాంకులో వాడిన గడ్డి ఒక గుప్పెడు కవర్‌లో వేసుకుని వెళ్లండి. ఆ రోజు డాక్టర్ నన్ను మొదట అడిగింది అదే, నా చేతిలో లేదు.